ప్రోగ్రెస్ బార్ 0 నుంచి ఒక్కసారిగా 100కి ఎందుకు దూకుతోంది?

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్‌కి పీహెచ్‌పీలో చిన్న వెబ్‌సైట్ రాశాను. బటన్ నొక్కితే పిల్లలందరి మార్కుల పీడీఎఫ్‌లు తయారవుతాయి. దాదాపు 40 సెకన్లు పడుతుంది. ఆలోగా స్టాఫ్ టెన్షన్ పడి మళ్లీ మళ్లీ నొక్కేస్తున్నారు. ప్రోగ్రెస్ బార్ పెట్టి, సెకనుకోసారి సర్వర్‌ని అడుగుతున్నాను. అయినా అది 0 దగ్గరే ఉండిపోయి, పనంతా అయ్యాక 100కి దూకుతోంది. ఏం చేయాలి?

జవాబు: మీ జావాస్క్రిప్ట్ బాగానే ఉండి ఉంటుంది. నా అనుమానం సెషన్ మీద, అంటే ఎవరు లాగిన్ అయ్యారో సర్వర్ గుర్తుపెట్టుకునే సమాచారం మీద. పీహెచ్‌పీ మామూలుగా సెషన్‌ని ఒక ఫైల్‌లో దాస్తుంది. సెషన్ మొదలవగానే ఆ ఫైల్‌కి లాక్ పడుతుంది, స్క్రిప్ట్ ముగిసేదాకా వదలదు. ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగే రిక్వెస్ట్ కూడా అదే సెషన్‌ని తెరవబోయి అక్కడే ఆగిపోతుంది. పని పూర్తయ్యాక జవాబులన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. ఆ చిన్న రిక్వెస్టులన్నీ పెండింగ్‌లో ఉంటే దొంగ దొరికినట్టే.

లాగిన్ సరిచూసుకోగానే, అసలు పని మొదలుపెట్టే ముందు, ‘సెషన్ రైట్ క్లోజ్’ (session_write_close) ఫంక్షన్‌ని పిలవండి. లాక్ పోతుంది. కాకపోతే ఆ తర్వాత సెషన్‌లో ఏం రాసినా సేవ్ కాదు. అందుకని ఎన్ని పీడీఎఫ్‌లు అయ్యాయన్న లెక్కని డేటాబేస్ టేబుల్‌లో రాయండి. అక్కడా ఓ మెలిక ఉంది. పని మొత్తాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (డేటాబేస్ మార్పులన్నిటినీ ఒకే మూటగా కట్టడం) పెడితే, అది కమిట్ అయ్యేదాకా, అంటే ఖాయమయ్యేదాకా, ఆ లెక్క ఇంకో కనెక్షన్‌కి కనిపించదు. బార్ మళ్లీ 0 దగ్గరే!

పిల్లల సంఖ్య పెరిగి పని నిమిషం దాటిందంటే ఇంకో తలనొప్పి. మీ సర్వర్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (రిక్వెస్టులను ముందుగా అందుకుని పీహెచ్‌పీకి పంపే వెబ్ సర్వర్) ఉంటే, అది డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూసి, జవాబు సమయానికి రాలేదని 504 ఎర్రర్ ఇచ్చేస్తుంది. కాబట్టి బటన్ నొక్కగానే పనికో నంబరు కేటాయించి, ‘పని తీసుకున్నాం, ఇంకా పూర్తి కాలేదు’ అని చెప్పే 202 కోడ్‌తో వెంటనే జవాబు పంపేయండి. పీడీఎఫ్‌ల సంగతి వెనకాల క్యూ (పనుల్ని వరసలో పెట్టి చేయించే ఏర్పాటు) చూసుకుంటుంది. బ్రౌజర్ ఆ నంబరుతో అడుగుతూ ఉంటుంది. పేజీ మూసి తెరిచినా ఇబ్బంది లేదు. దీనికి వెబ్‌సాకెట్లదాకా (సర్వర్‌తో తెరిచే ఉండే కనెక్షన్లు) పోనక్కర్లేదు.

నొక్కిన బటన్‌ని డిసేబుల్ చేయండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. రిఫ్రెష్ చేస్తే మళ్లీ పనిచేస్తుంది. ఆ బ్యాచ్ పని నడుస్తుంటే కొత్తది మొదలవకుండా సర్వరే ఆపాలి.

శాతం కన్నా ‘300లో 120 పూర్తి’ అని చూపిస్తే స్టాఫ్‌కి ధీమాగా ఉంటుంది. టైమర్‌తో ఉత్తుత్తి బార్ నడిపే చిట్కాలు నెట్‌లో బోలెడు, నాకైతే అవి నచ్చవు. లెక్క తెలియకపోతే హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రెస్ ట్యాగ్‌కి వాల్యూ ఇవ్వకుండా వదిలేయండి. పని జరుగుతోందని మాత్రం చెప్పే కదిలే గీతని బ్రౌజరే చూపిస్తుంది.