అడిస్ అబాబా వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి "అన్నయ్యా, ఇది ఒక్కతే ఇథియోపియా వెళ్తానంటోంది, నువ్వైనా చెప్పు" అన్నాడు. నేనేం చెప్తాను, 1997లో అక్కడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళి ఐదేళ్ళు ఉండి వచ్చినవాణ్ణి. నీతో వైజాగ్‌లో చదువుకున్న అక్కడి పిల్లే పిలిచింది, వాళ్ళింట్లోనే ఉంటావు, ఇంకేం కావాలి? మన ఇంట్లోంచి ఇంకొకరు ఆ దేశం వెళ్తున్నారంటే నాకు లోపల ఎంత సంతోషమో! ఫోన్ పెట్టేశాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు, కావాలంటే మీ పెద్దమ్మనడుగు.

వీసా, టికెట్ నువ్వే చూసుకుంటావు. డాలర్లు బ్యాంకులోనే మార్చుకో. (నేను వెళ్ళిన కొత్తలో డాలర్‌కి ఏడు బిర్రులైనా వచ్చేవి కావు, ఇప్పుడు నూరు దాటిపోయాయట.) నా భయమంతా ఎల్లో ఫీవర్ టీకా గురించే. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. వేయించుకున్నట్టు ఒక పసుపుపచ్చ కార్డు ఇస్తారు, పది రోజులకు గానీ అది చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు. పాస్‌పోర్ట్‌తో కలిపి రబ్బరు బ్యాండ్ వెయ్యి. నవ్వకు, వెయ్యి.

అడిస్ ఊటీ కంటే ఎత్తులో ఉంటుంది. మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, గుండెజబ్బేమోనని హడలిపోకు, నెమ్మదిగా నడువు. డిసెంబర్ రాత్రులు చలి, స్వెటర్ మరిచిపోవద్దు. నీళ్ళు సీసావే తాగు.

అక్కడ గడియారం పొద్దున ఆరింటికి మొదలవుతుంది. "రేపు రెండింటికి వస్తాను" అన్నారంటే మన ఎనిమిది గంటలు. విమానం టికెట్ మీద మాత్రం మన లెక్కే ఉంటుంది, బస్సువాణ్ణి అడిగినప్పుడే ఏ టైమో తేల్చుకో. నాకు మొదటి వారంలోనే ఒక బస్సు పోయింది. ఇంకోటి, మాట్లాడుతుండగా ఎదుటివాళ్ళు ఉన్నట్టుండి "హా" అని ఊపిరి లోపలికి లాగుతారు, అచ్చం పామును చూసినట్టు. కంగారుపడకు, "అవును" అంటున్నారంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను అవాసా అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరి పది రోజులైంది. డిపార్ట్‌మెంట్‌లో పక్క సీటాయన భోజనానికి పిలిచాడు. నేను శాకాహారినని కనుక్కుని మరీ బుధవారం పిలిచాడు, వాళ్ళకి బుధ, శుక్రవారాలు ఉపవాసం, మాంసం, పాలు, గుడ్డు ఏవీ ముట్టరు. వెదురుబుట్టలాంటి బల్ల మీద ఒకటే పెద్ద పళ్ళెం, అందులో మన పుల్లట్టును నాలుగింతలు చేసినంత ఇంజెరా, దాని మీద శిరో అనే శనగపిండి కూర, ఎర్రపప్పు, ఆకుకూర. చుట్టూ అందరం కూర్చున్నాం. ఒకే పళ్ళెంలో అందరి చేతులూ అనేసరికే నాకు ఒళ్ళు బిగుసుకుపోయింది. మన ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎలా ఉండేదో నీకు తెలీదు, మీ నాన్ననడుగు. నా వైపు అంచు నుంచి చిన్న ముక్కలు తుంపుకుని ఎలాగో తింటున్నాను. ఇంతలో ఆయన తల్లి, డెబ్భై ఏళ్ళ మనిషి, తెల్లటి నెతెలా కప్పుకుని ఉంది, ఇంజెరాలో పప్పు చుట్టి ఇంత ముద్ద చేసి, లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి నా నోటి దగ్గర పెట్టింది. నేను తల వెనక్కి లాగేసుకుని, చెయ్యి అడ్డం పెట్టి "నో, నో" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి పప్పు కారుతోంది. ఆమె ఒక్క క్షణం ఆగి, ఆ ముద్ద మనవడి నోట్లో పెట్టి, నవ్వి, వెళ్ళి కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత కాఫీ మొదటి కప్పు తాగగానే, తలనొప్పని చెప్పి లేచి వచ్చేశాను. కాఫీ మూడు విడతలని, మూడోదైన బరకా దాకా ఉండాలని కూడా అప్పుడు తెలీదు.

అది గుర్షా అట. ఇంటికొచ్చిన మనిషికి ప్రేమతో నోట్లో పెట్టడం. నెల తర్వాత ఎవరో చెప్పారు. గోరుముద్దలు తిని పెరిగినవాణ్ణి, ఒకరు చెప్తే గానీ తెలియలేదు చూడు!

ఆ తర్వాత వాళ్ళింటికి ఎన్నోసార్లు వెళ్ళాను. ప్రతిసారీ ఆమె నాకు విడిగా పళ్ళెం పెట్టేది, శుభ్రంగా కడిగి, తుడిచి, నా ముందే. ఇతని మతంలో అలా కూడదు కాబోలు అనుకుందామె, గౌరవంగానే పెట్టింది. మా నాయనమ్మ కొందరికి వసారాలో విడిగా వేసిన విస్తరాకులు గుర్తొచ్చేవి నాకు. "అమ్మా, అందరితో కూర్చుంటాను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఐదేళ్ళూ సిగ్గుతో అనలేకపోయాను.

అందుకని, అమ్మలూ, నీ ఫ్రెండ్ వాళ్ళమ్మ ముద్ద పెడితే నోరు పెద్దగా తెరువు, చేత్తో అందుకోబోకు. ఒక్కటితో ఆపరు, కడుపులో కాస్త చోటుంచుకో. ఎర్రగా పచ్చిమాంసం కనిపిస్తే వద్దని చెప్పుకోవచ్చు, అయినా నువ్వు వెళ్ళేసరికి క్రిస్మస్ ముందు ఉపవాసాలు నడుస్తుంటాయి, వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న కదా. అన్నట్టు మీ అమ్మ పూతరేకులు కడతానంటోందట, వద్దను. వాటిలో నెయ్యి, పాపం పండగ దాకా చూస్తూ కూర్చోవాలి వాళ్ళు. నువ్వులుండలు పట్టుకెళ్ళు.

చేరగానే మెసేజ్ పెట్టు, అర్ధరాత్రయినా సరే. భోజనాల దగ్గర ఒక ఫొటో తీసి పంపు. నీ మొహం పడకపోయినా ఫర్వాలేదు, పళ్ళెం కనబడాలి.

మీ పెదనాన్న