తాతగారి జీపు, దేవమాలి దారి

ప్రశ్న: మాది రాయగడ. తాతగారి మహీంద్రా ఎంఎం 540 జీపు పాకలో పడి ఉంది. దేవమాలి కొండదారుల్లో తిప్పాలనుంది, డబ్బు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కాగితాలతో, బాబూ. 15 ఏళ్లు దాటిన బండికి 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలి. అది తేలేదాకా రూపాయి తీయకండి. తర్వాత కిందికి దూరి, కమాన్లు (స్ప్రింగు పట్టీలు) బిగించే చోట బండి అడుగు చట్రాన్ని, అంటే ఛాసిస్‌ని సుత్తితో తట్టండి. ఖంగుమంటే సరే. చప్పగా మోగితే తుప్పు తినేసినట్టే, తొలి ఖర్చు వెల్డింగ్‌కే. బ్రేకుల్లో వీల్ సిలిండర్లు, రబ్బరు కప్పులు, గొట్టాలు కొత్తవే వేయించండి, పిసినారితనం వద్దు. 1672 మీటర్ల కొండ దిగేటప్పుడు లో గేర్‌లో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. అందుకే ట్రాన్స్‌ఫర్ కేసు లీవర్ (లో గేర్‌లోకి మార్చే పిడి) సరిగ్గా పడుతోందో చూసుకోండి. ఇంజను విప్పేద్దామని మెకానిక్ తొందరపెడితే, ముందు ట్యాంకు కడిగి, డీజిల్ ఫిల్టర్ మార్చి, డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయమనండి. లావు టైర్లా? అవి సోకు. రంగు వచ్చే ఏడు చూద్దాం.