ముందు లైట్లు ఆర్పు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ బొమ్మ రైలు ఊరి వీడియో నాలుగుసార్లు చూశాను. కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు బాగా కుదిరాయి. పట్టాలు వేసిన తీరుకు వంక పెట్టలేం. కానీ స్విచ్ వేయగానే ఊరు కాస్తా పెళ్లివారిల్లయిపోయింది. ప్రతి కిటికీ వెలుగుతోంది, అన్నీ ఒకే రంగులో! రాత్రి ఎనిమిదింటికి మీ మేడ మీద నిలబడి ఒకసారి లెక్కపెట్టు. పది కిటికీల్లో మూడో నాలుగో వెలుగుతుంటాయి. ఒకటి తెల్లటి ట్యూబ్‌లైట్, ఒకటి పసుపు బల్బు, ఇంకోదాంట్లో టీవీ నీలిరంగు. మిగతావన్నీ చీకటే. ఆ చీకటి లేకపోతే ఈ మూడింటికీ విలువ లేదు.

నేనూ ఇదే తప్పు చేశానులే. నా మొదటి లేఅవుట్‌కి, అంటే బల్ల మీద కట్టిన బొమ్మ రైలు ఊరికి, దీపావళి సీరియల్ సెట్టు కత్తిరించి ఇంటికొక బల్బు పెట్టాను. ప్లాస్టిక్ గోడలే వెలిగిపోయి ఇళ్లన్నీ కాగితం లాంతర్లలా కనిపించాయి. మీ అత్తయ్య చూసి, ‘రైలెక్కడుందండీ?’ అంది. అప్పుడు తెలిసింది, గోడలకు లోపలివైపు ముందు నల్ల రంగు కొట్టాలని. నలుపు మీద ఒక పూత తెలుపు వేస్తే గది లోపల వెలుగు బాగా పరుచుకుంటుంది. గోడ, కప్పు కలిసే సందుల్లోంచి కూడా వెలుగు కారుతుంది. అక్కడ నల్ల టేపు అంటించు.

ఇక ఎల్‌ఈడీకి పోయే కరెంటును తగ్గించే రెసిస్టర్ల సంగతి. 12 వోల్టుల సప్లై మీద తెల్ల ఎల్‌ఈడీకి 1 కిలో ఓమ్ పెట్టావన్నావు. ఎల్‌ఈడీ తినేది 3 వోల్టులు, మిగిలిన 9 వోల్టులకు దాదాపు 9 మిల్లీఆంపులు పారతాయి. అరచేతిలో పట్టే ఇంటికి అది ఫ్లడ్‌లైట్! 10 కిలో ఓమ్ పెట్టి చూడు, ఒక మిల్లీఆంపు లోపే వస్తుంది. అదీ ఎక్కువనిపిస్తే 22 పెట్టు. పాత మొబైల్ చార్జర్ ఉంటే ఇంకా సుఖం. దాని 5 వోల్టులకు 2.2 కిలో ఓమ్ సరిపోతుంది. దీపాలకు కరెంటు మాత్రం పట్టాల నుంచి తీసుకోకు. నువ్వు నడిపేది మామూలు డీసీ కంట్రోలర్‌తో కదా, రైలు ఆపాలంటే పట్టాల్లో కరెంటే ఆపాలి, కాబట్టి రైలు ఆగినప్పుడల్లా ఊళ్లో కరెంటు పోతుంది. మన దగ్గర అదీ సహజమే అంటావేమో!

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు రెసిస్టర్లు అన్ని విలువలవీ తలో పాతిక తెచ్చుకో, రూపాయల్లో పని. వార్మ్ వైట్ (పసుపు కలిసిన తెలుపు), కూల్ వైట్ (నీలి ఛాయ తెలుపు) రెండు రకాల ఎల్‌ఈడీలూ అడుగు.

అన్నిటికంటే ముందు నీ ఊరు ఏ ఏడాదిలో ఉందో తేల్చుకోవాలిరా. స్టేషన్ 1916 నాటిది, సరే. దాని ముందు ఆవిరి ఇంజన్ పెట్టావు, బాగుంది. పక్కనే మెట్రో పిల్లరేంటి? హైదరాబాద్‌లో మెట్రో నడవడం మొదలైందే 2017లో. పిల్లర్ ఉంచుకుంటావా, వీధి దీపాలు తెల్లటి ఎల్‌ఈడీలు కావాలి, ఆవిరి ఇంజన్ షెడ్డుకి పోవాలి. పాత డీజిల్ ఇంజన్ల కాలం కావాలంటే సోడియం దీపాల నారింజ రంగు తెచ్చుకో. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ మీద నారింజ గ్లాస్ పెయింట్ ఒక చుక్క అద్దితే చాలు. నాకు ఆ నారింజే ఇష్టం, అది వయసు ప్రభావం అనుకో. స్తంభం ఎత్తు కూడా కొలువు. 1:87 స్కేల్లో, అంటే అసలు కొలతలో 87వ వంతులో, 9 మీటర్ల స్తంభం 10 సెంటీమీటర్ల పైన ఉండాలి. నీవి రెండంతస్తుల ఇల్లు కూడా దాటడం లేదు.

నీ ఇరానీ హోటల్ మీద ఒక సాయంత్రం ఖర్చుపెట్టు. లోపల కూల్ వైట్ ఒక్కటే, కప్పుకు ఆనించి, కాస్త వెనగ్గా. గల్లాపెట్టె మీద పడితే చాలు, మూలల్లోకి పోనక్కర్లేదు. గుమ్మం ముందు రోడ్డు మీద ఆ వెలుగు చాపలా పడాలి. ఆ చాప అంచులో ఇద్దర్ని నిలబెట్టు, చేతిలో సాసర్‌తో. లోపలి గోడకి పొగ రంగు, అంటే చాక్‌పీసు, బొగ్గు కలిపి నూరి పొడి బ్రష్‌తో అద్దు. రోడ్డుకి మన వీధి మట్టే వాడొచ్చు, పాత నూలుగుడ్డలో జల్లెడ పట్టి. కానీ చల్లే ముందు దాంట్లో అయస్కాంతం తిప్పు. ఇనుప రేణువులుంటే ఇంజన్ మోటార్‌లోకి లాగేసుకుంటుంది. నా ఇంజన్ ఒకటి అలాగే పోయింది.

ఈ వారం సగం బల్బులు పీకేసి, గదిలో లైటు ఆర్పి, ఫోను రోడ్డు మీద ఆనించి ఫొటో తీసి పంపు. పైనుంచి తీయకు, విమానంలో వచ్చినవాడిలా.

మీ అమ్మకి చెప్పు, ఆవకాయ జాడీ ఖాళీ అయిందని.

మీ మామయ్య