వేగం తక్కువైన డిఫెండర్‌కు ఫుట్‌బాల్‌లో భవిష్యత్తు ఉంటుందా? టిమ్ రీమ్ ఆటను నాలుగేళ్లు దగ్గరగా చూశాక నా సమాధానం

మీ అబ్బాయికి 16 ఏళ్లనీ, డల్లాస్‌లో ఒక క్లబ్ జట్టుకు సెంటర్ బ్యాక్‌గా (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్‌గా) ఆడుతున్నాడనీ, ఆట బాగానే అర్థమవుతోంది గాని పరుగు చాలదని కోచ్ అనేసరికి కుంగిపోయాడనీ రాశారు. అలాంటి డిఫెండర్ ఎవరైనా అమెరికా నుంచి వచ్చి వృత్తి ఆటగాడిగా నిలబడ్డాడా అని అడిగారు. నిలబడ్డాడండీ, అతడి పేరు టిమ్ రీమ్. నేను 2015 నుంచి నాలుగేళ్లపాటు ఉద్యోగరీత్యా లండన్‌లోని హామర్‌స్మిత్‌లో ఉన్నాను. ఫుల్‌హామ్ క్లబ్ మైదానమైన క్రేవెన్ కాటేజ్‌కు మా ఇంటి నుంచి థేమ్స్ ఒడ్డు వెంట నడిచి వెళ్లేవాణ్ణి. రీమ్ కూడా ఆ ఏడాది ఆగస్టులోనే ఆ క్లబ్‌లో చేరాడు.

అతడు 1987లో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. ఆ ఊరికి ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించిన అమెరికా జట్టులో ఐదుగురు ఆ ఊరివాళ్లే. ఐరోపాలో పిల్లలు పదిహేడు పద్దెనిమిదేళ్లకే పెద్ద జట్లలోకి వస్తుంటే, రీమ్ మాత్రం సొంత ఊళ్లోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు చదువుకుంటూ ఆడి, 2010లో అమెరికా ప్రధాన లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్ డ్రాఫ్ట్‌కు, అంటే క్లబ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి, వచ్చాడు. ఆ డ్రాఫ్ట్ రెండో విడతలో, 18వ ఆటగాడిగా న్యూయార్క్ రెడ్ బుల్స్ అతణ్ణి తీసుకుంది. అంటే అతడికంటే ముందు 17 మందిని ఎంచుకున్నారు. అప్పటికి అతడికి 22 ఏళ్లు. ఆ సీజన్‌లో జట్టు ఆడిన 30 లీగ్ మ్యాచ్‌లలో ఒక్క నిమిషం కూడా అతడు బయట కూర్చోలేదు. మీ అబ్బాయికి ఇంకా ఆరేళ్ల సమయం ఉందని చెప్పడానికే ఈ సంగతి ముందుగా రాశాను.

ఆ మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల టోర్నీ అయిన గోల్డ్ కప్‌లో 2011లో, టాంపాలో పనామాతో జరిగిన మ్యాచ్‌లో రీమ్ చేసిన ఫౌల్ వల్ల పెనాల్టీ వచ్చింది, అమెరికా 1-2తో ఓడింది. ఆ టోర్నీ చరిత్రలో గ్రూప్ దశలో అమెరికా ఓడడం అదే మొదటిసారి కావడంతో విమర్శ గట్టిగానే వచ్చింది, జట్టులో స్థానం కూడా పోయింది. 2012 జనవరిలో ఇంగ్లండ్‌లోని బోల్టన్ క్లబ్‌కు వెళితే, నాలుగు నెలలకే ఆ క్లబ్ అక్కడి అత్యున్నత లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు జారిపోయింది. అయినా అతడు అక్కడే ఉండి, వరుసగా రెండేళ్లు ఆ క్లబ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

ఇక నేను కళ్లారా చూసింది చెబుతాను. క్రేవెన్ కాటేజ్‌లో జానీ హేన్స్ స్టాండ్ అనే పాత స్టాండ్ ఉంది. దానిలో ఇప్పటికీ చెక్క కుర్చీలే. అక్కడ కూర్చుంటే పక్క గీత ఎంత దగ్గరగా ఉంటుందంటే, డిఫెండర్ తల తిప్పడం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. తొలి సీజన్లలో రీమ్‌ను అప్పుడప్పుడు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచున, ఆడించేవారు. అంచు వెంట దూసుకొచ్చే వేగమున్న వింగర్ ఎదురుపడితే అతడికి కష్టమయ్యేది, చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చేవారు, నేనూ నిట్టూర్చిన సందర్భాలున్నాయి. 2017-18లో కోచ్ స్లావిషా యొకనోవిచ్ అతణ్ణి ఎడమవైపు సెంటర్ బ్యాక్‌గా స్థిరపరచాక మాత్రం అదే మనిషి వేరే ఆటగాడిలా కనిపించాడు. బంతి ఇంకా ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ దగ్గర ఉండగానే రీమ్ రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసేవాడు; వీపు గోల్ వైపు పూర్తిగా పెట్టకుండా ఏటవాలుగా నిలబడి, పాస్ రాకముందే రెండు అడుగులు వెనక్కి వేసేవాడు. అందువల్ల పరుగు పందెం మొదలయ్యే సమయానికి అతడు ముందే ఉండేవాడు. తొందరపడి కాలు చాపడు; స్ట్రైకర్‌ను మెల్లగా గీత వైపు నెట్టుకుంటూ వెళ్లి, దారి మూసుకుపోయాక బంతి తీసుకునేవాడు.

రెండో సంగతి అతడి ఎడమ కాలు. ఎడమవైపు నిలబడే సెంటర్ బ్యాక్ కుడికాలివాడైతే బంతిని లోపలికి తిప్పుకుని కొట్టాలి, ఆ క్షణంలోనే ప్రత్యర్థి మీదికి వచ్చేస్తాడు. రీమ్‌కు ఆ అవసరం లేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే ఎడమ కాలితో వింగర్ పాదానికి సూటిగా అందించేవాడు. ఫుల్‌హామ్ దాడులు ఎన్నో అక్కడి నుంచే మొదలయ్యేవి. ఆ సీజన్‌లో రెండో స్థాయి లీగ్‌లో 23 మ్యాచ్‌లు వరుసగా ఓటమి లేకుండా సాగిన జట్టుకు ఉత్తమ ఆటగాడు రీమే. 2018 మే 26న ఆస్టన్ విల్లాతో, ప్రీమియర్ లీగ్‌లో స్థానం కోసం జరిగిన ప్లే ఆఫ్ ఫైనల్‌కు నేను వెంబ్లీ వెళ్లాను. సహచర డిఫెండర్ డెనిస్ ఓడోయి 70వ నిమిషంలో ఎర్ర కార్డుతో బయటికి వెళ్లాక, పదిమందితో ఆ 1-0 ఆధిక్యాన్ని కాపాడిన తీరు నేను చూసిన రక్షణ ఆటలో అత్యుత్తమమని నా అభిప్రాయం.

దీన్ని చదివి వేగం అక్కర్లేదని మీ అబ్బాయి అనుకోకూడదు. ఆ గెలుపుతో పైకి వెళ్లిన ఫుల్‌హామ్ మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో ప్రత్యర్థులకు 81 గోల్స్ ఇచ్చి మళ్లీ కిందికి వచ్చింది. 2020లో తిరిగి పైకి వెళ్లినా, సీజన్ తొలి వారాల తర్వాత రీమ్ స్థానం కోల్పోయి ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. జట్టు మరోసారి జారింది. నేను అప్పటికే హైదరాబాద్ వచ్చేశాను, అతడి కెరీర్ ముగిసిందనే అనుకున్నాను. మార్కో సిల్వా కోచ్‌గా వచ్చి అతణ్ణి తిరిగి నమ్మాడు. 2022లో ఫుల్‌హామ్ 106 గోల్స్‌తో ఛాంపియన్‌షిప్ అనే ఆ రెండో స్థాయి లీగ్‌ను గెలిచింది. ఆ తర్వాతి సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో పదో స్థానంలో నిలిచింది. 2022 డిసెంబర్ 26న క్రిస్టల్ ప్యాలెస్ మీద రీమ్ తన మొదటి ప్రీమియర్ లీగ్ గోల్ కొట్టాడు, 35 ఏళ్ల వయసులో.

దానికి నెల ముందే, ఏడాదికి పైగా జాతీయ జట్టుకు దూరంగా ఉన్న అతణ్ణి ఖతార్ ప్రపంచ కప్‌కు పిలిచారు. అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ అతడు పూర్తిగా ఆడాడు. గ్రూప్ దశ మూడు మ్యాచ్‌లలో ఆ జట్టు ఇచ్చిన గోల్ ఒక్కటే, అదీ వేల్స్‌కు వచ్చిన పెనాల్టీ. 2024లో అతడు అమెరికా క్లబ్ షార్లట్ ఎఫ్‌సీకి మారాడు, 2025 గోల్డ్ కప్‌లో అమెరికాకు కెప్టెన్‌గా ఆడాడు.

నేనూ ఇంజనీరింగ్ కళాశాల జట్టులో డిఫెండర్‌నే. నెమ్మదిగా ఉన్నావని తీసేస్తే, ఎక్కడ నిలబడాలో నేర్చుకోవచ్చని చెప్పేవాళ్లు లేక ఆట మానేశాను. ఇప్పటికీ ఆ బాధ ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. పిల్లవాడి పరుగుకు శిక్షణ ఇప్పించండి, దానితోపాటు రెండు కాళ్లతో పాస్ సాధన చేయించండి. తర్వాత 2022 నవంబర్ 25న ఇంగ్లండ్‌తో 0-0గా ముగిసిన మ్యాచ్‌ను మొత్తం చూపించండి. తొంభై నిమిషాలూ బంతిని వదిలేసి రీమ్ వేసుకున్న 13వ నంబర్ చొక్కా మీదే కన్ను పెట్టమనండి. ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్‌కు బంతి రాకముందే అతడు ఎన్నిసార్లు వెనక్కి చూశాడో కాగితం మీద లెక్క రాయమనండి.