చక్రాల మీది ఇంట్లో కెల్టిక్ సీమలకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కెల్టిక్ దేశాల మోటార్‌హోమ్ యాత్ర గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మేమిద్దరం లండన్ దగ్గర ఉద్యోగాలు చేస్తున్నాం. పాస్‌పోర్టులు భారత్‌వే. జూన్‌లో అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. మూడు వారాల్లో ఆరు కెల్టిక్ ప్రాంతాలూ చుట్టి రావచ్చా?

చుట్టి రావచ్చు గానీ, చూసినట్టుండదు. స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్, కార్న్‌వాల్, ఐల్ ఆఫ్ మాన్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ: ఈ ఆరింటినీ ఒక కుటుంబం చేసింది భాష. స్కాటిష్ గేలిక్, ఐరిష్, మాంక్స్ ఒక కొమ్మ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ ఇంకో కొమ్మ. మధ్యలో సముద్రాలున్నాయి కాబట్టి ఆరూ పెట్టుకుంటే సెలవులో సగం ఫెర్రీ రేవుల్లోనే గడిచిపోతుంది.

మూడు వారాలకు రెండు ప్రాంతాలు చాలు. స్కాట్లాండ్ పడమటి తీరం, ఆ తర్వాత ఐర్లాండ్ ద్వీపం ఉత్తర భాగం అయితే బాగా కుదురుతుంది. స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌రయన్ నుంచి నార్తర్న్ ఐర్లాండ్‌లోని లార్న్‌కు ఫెర్రీ రెండు గంటలే. రోజుకు 100 మైళ్లు దాటకండి. పల్లె రోడ్ల మీద గంటకు పాతిక ముప్పై మైళ్ల సగటే వస్తుంది. మూడో రోజో నాలుగో రోజో బండి కదపకుండా ఒకే చోట ఉండండి, పెద్దవాళ్లకు అదే అసలు విశ్రాంతి.

ఇక చాలామంది పొరబడేది వీసా దగ్గర. నార్తర్న్ ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, అక్కడికి బ్రిటన్ వీసా చాలు. అక్కడి నుంచి ఐర్లాండ్ రిపబ్లిక్‌లోని డోనెగాల్ వైపు వెళితే సరిహద్దులో గేటు ఉండదు, వేగం బోర్డులు మాత్రం మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారతాయి. గేటు లేదని వీసా అక్కర్లేదనుకోకూడదు. భారత పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో నివాసం ఉంటున్న మీకూ ఐర్లాండ్ రిపబ్లిక్ వీసా విడిగా కావాలి. అమ్మానాన్నల విజిటర్ వీసాలో బి.ఐ.వి.ఎస్. అనే సూచన ఉంటే ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. అయితే వీసా ఇచ్చిన దేశంలోనే ముందు అడుగుపెట్టాలి. బ్రిటనీకి షెంగెన్ వీసా తప్పదు.

కుదిరితే జూన్ కంటే మే నెల మేలు. స్కాట్లాండ్ పడమటి కొండల్లో మిడ్జ్ అనే నుసుమంత దోమలు వేసవి నడిమధ్యన, తెల్లవారుజామున, సాయంత్రం గుంపులుగా వస్తాయి. మామూలు దోమతెర కళ్లలోంచి దూరిపోతాయి. కాస్త గాలి వీచే ఎత్తు చోట బండి ఆపండి, గాలి ఉన్నచోట అవి నిలవలేవు.

ప్రశ్న: నాకున్నది భారత డ్రైవింగ్ లైసెన్సే. ఎంత పెద్ద బండి నడపొచ్చు?

సందర్శకులు బ్రిటన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి 12 నెలల వరకు భారత కారు లైసెన్సుతో 3,500 కిలోల లోపు బండి నడపొచ్చు. అక్కడే నివాసం ఉండేవాళ్లకు ఆ 12 నెలలు నివాసం మొదలైన రోజు నుంచి లెక్క. ఆ తర్వాత బ్రిటన్ లైసెన్సు తీసుకోవాల్సిందే. అద్దె సంస్థలు వయసు మీద, లైసెన్సు ఎన్నేళ్ల నాటిదన్న దాని మీద సొంత షరతులు పెడతాయి, బుక్ చేసే ముందే అడగండి.

3,500 కిలోలన్నది బండి, మనుషులు, సామాను, నీళ్లు అన్నీ కలిపి. చాలా బండ్లలో ఖాళీ బరువు పోను మిగిలేది 400 కిలోల దరిదాపు. నలుగురు పెద్దవాళ్లు, బియ్యం, పెట్టెలు, ఆపైన 100 లీటర్ల నీటి ట్యాంకు నిండుగా ఉంటే అదే ఒక క్వింటాలు. ట్యాంకు పావు వంతుతో బయల్దేరి, రాత్రి ఆగే క్యాంపింగ్ సైటుకు చేరాక నింపుకోండి. ఇంకో మాట: నలుగురు పడుకునే బండిలో నలుగురికీ సీటు బెల్టులుంటాయన్న హామీ లేదు. పడకలు లెక్కపెట్టి డబ్బు కట్టేయకండి, బెల్టులు లెక్కపెట్టండి.

ప్రశ్న: 'నార్త్ కోస్ట్ 500' దారి పెద్ద బండికి పనికొస్తుందా? ఇంకా ఏ రోడ్లు వదిలేయాలి?

స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌లో మొదలై ఇన్వర్నెస్‌కే తిరిగొచ్చే ఈ 516 మైళ్ల దారిలో చాలా భాగం మోటార్‌హోమ్‌కు పనికొస్తుంది. పనికిరానిది ఆపిల్‌క్రాస్ అనే పల్లెకు ఎక్కే బెలాక్ నా బా కనుమ. 626 మీటర్ల ఎత్తుకు పోయే ఒంటి వరుస రోడ్డు, వెనక్కి మడిచినట్టుండే మలుపులు. పెద్ద వాహనాలు వద్దని కిందే బోర్డు ఉంటుంది. అక్కడ బండి ఇరుక్కుంటే వెనకున్న అంబులెన్సు కూడా ఆగిపోతుంది. ఆపిల్‌క్రాస్ చూడాలనుంటే షీల్డెయిగ్ వైపు నుంచి తీరం వెంబడి వెళ్లండి.

ఒంటి వరుస రోడ్ల మీద 'పాసింగ్ ప్లేస్' అని పక్కకు కాస్త వెడల్పు చేసి ఉంటుంది. అది ఎడమ పక్కనుంటే అందులోకి దిగండి. కుడి పక్కనుంటే దానికి ఎదురుగా మీ వరుసలోనే ఆగండి, ఎదుటి బండి అందులోకి దిగి దాటిపోతుంది. కుడివైపుకు మీరు దూరారంటే ఇద్దరూ ఒకే చోటికి చేరి ఇరుక్కుంటారు. వెనక ఊరివాళ్ల కారు కనిపిస్తే ఆగి దారివ్వండి. వాళ్లు పనికో బడికో పోయేవాళ్లు. ఫోటోల కోసం, నిద్ర కోసం అక్కడ బండి ఆపడం తప్పు.

ఐర్లాండ్‌లో డింగిల్ దగ్గరి కానర్ పాస్ మీదికి రెండు టన్నులు దాటిన బండ్లను రానివ్వరు, అంటే మోటార్‌హోమ్‌కు అది మూసిన దారే. రింగ్ ఆఫ్ కెర్రీ అనే చుట్టుదారిలో టూరిస్టు బస్సులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. మీరూ అదే దిశలో, వాటికంటే ముందు పొద్దున్నే బయల్దేరితే ఇరుకు మలుపులో బస్సు ఎదురుపడదు.

కార్న్‌వాల్‌లో ప్రమాదం కంటికి కనపడదు. సందుల రెండు పక్కలా గడ్డి, పూల మొక్కలతో మెత్తగా కనిపించే గట్టు నిజానికి రాతి గోడ. ఆకులు రాసుకుంటాయిలే అని పక్కకు జరిగితే బండి పొడవునా చీరుకుపోతుంది. 2.3 మీటర్ల వెడల్పు బండికి అద్దాలు కలిపితే 2.7 దాకా వస్తుంది. ఆ అంకెలు కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. ఎత్తు కూడా రాయండి, సముద్ర తీరపు కార్ పార్కుల్లో రెండు మీటర్ల దగ్గర ఇనుప కడ్డీలు అడ్డంగా ఉంటాయి.

వేల్స్‌లో 2023 సెప్టెంబరు నుంచి ఇళ్లున్న వీధుల్లో మామూలు వేగ పరిమితి 20 మైళ్లు. రోడ్డు మీద 'ఆరవ్' అని రాసి ఉంటే నెమ్మది అని అర్థం.

ప్రశ్న: అమ్మకు అన్నం, చారు, పచ్చడి లేకపోతే పూట గడవదు. రైస్ కుక్కర్, మిక్సీ పట్టుకెళ్లొచ్చా?

పట్టుకెళ్లొచ్చు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో కరెంటు 230 వోల్టులే, మన సామాను కాలిపోదు. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్‌లో పట్టదు, అడాప్టర్ కావాలి. అసలు చూసుకోవాల్సింది ఆంపియర్లు. సైటులో నీలం ప్లగ్గుతో బండికి కరెంటు ఇస్తారు. 16 ఆంపియర్లయితే 3,680 వాట్లు, 10 అయితే 2,300 వాట్లు. బ్రిటనీలో కొన్నిచోట్ల 6 ఆంపియర్లే, అంటే 1,380 వాట్లు. 10 ఆంపియర్ల సైటులో 700 వాట్ల రైస్ కుక్కర్ ఉడుకుతుండగా ఎవరో 2,000 వాట్ల కెటిల్ నొక్కితే మొత్తం 2,700, ఫట్‌మని కరెంటు పోతుంది. పోయింది బండిలోని స్విచ్చే కాకపోవచ్చు, బయటి స్తంభంలోదీ అయి ఉండొచ్చు. దానికి తాళం ఉంటే రాత్రి పది గంటలకు సైటు వార్డెన్‌ను లేపాలి. అందుకని 1,000 వాట్ల లోపు చిన్న కెటిల్ కొనుక్కోండి. ఒకటి ఆపాక ఇంకోటి వేయడం అలవాటు చేసుకోండి.

బ్యాటరీ మీద మిక్సీ ఆలోచన మానుకోండి. 750 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 ఆంపియర్లకు పైగా లాగుతుంది. తిరగడం మొదలైన క్షణంలో దానికి రెండు మూడు రెట్లు. చిన్న ఇన్వర్టర్ అక్కడే ఆగిపోతుంది. కందిపొడి, చారుపొడి, అల్లం వెల్లుల్లి ముద్ద ఇంట్లోనే చేసుకుని బయల్దేరండి. ఆవకాయ జాడీ సింక్ కింద పెట్టి చుట్టూ తువ్వాళ్లు కూరండి. పై అరల్లో పెడితే మొదటి మలుపులోనే తలుపు తెరుచుకుంటుంది.

అన్నానికి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, గ్యాస్ పొయ్యి అన్నిటికన్నా నమ్మకం. కుక్కర్ కూత వేసేటప్పుడు పైకప్పు కిటికీ తెరిచి ఉంచండి. లేకపోతే ఆ ఆవిరంతా చల్లటి గోడల మీద నీరై, రాత్రికి పరుపు అంచులు తడుస్తాయి. తాలింపు పొగకు స్మోక్ అలారం మోగుతుంది, దాని బ్యాటరీ తీసేయకండి, తలుపు తీసి తాలింపు వేయండి. మూకుడులో మిగిలిన నూనె సింక్‌లో పోయొద్దు. వాడిన నీళ్ల ట్యాంకులో అది గడ్డకట్టి, రెండు రోజుల్లో బండంతా వాసన కొడుతుంది. కాగితంతో తుడిచి చెత్తలో వేయండి.

గ్యాస్ సిలిండర్ ప్రొపేన్‌దే తీసుకోండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, మంట పడిపోతుంది. వంటకైతే 6 కిలోల సిలిండర్ చాలా రోజులొస్తుంది. హీటర్‌కు రాదు. 4 కిలోవాట్ల గ్యాస్ హీటర్ నిండు వేడి మీద గంటకు 300 గ్రాములు దాటి తింటుంది, అంటే 6 కిలోలు ఇరవై గంటలకు కూడా చాలవు. కరెంటు ఉన్న సైటులో హీటర్‌ను కరెంటు మీదకు మార్చండి. ఫెర్రీ ఎక్కే ముందు సిలిండర్ వాల్వ్ మూసేయాలి, ఇది తప్పనిసరి.

చలి రాత్రి తెల్లారేసరికి నీళ్లన్నీ బండి కింద కారిపోయి ఉంటే ఏదో పగిలిందని కంగారు పడకండి. చాలా బాయిలర్లలో 3 డిగ్రీల దగ్గర దానంతటదే తెరుచుకునే వాల్వ్ ఉంటుంది, లోపల నీరు గడ్డకట్టి ట్యాంకు పగలకుండా. బాయిలర్ చుట్టూ వెచ్చబడ్డాక దాన్ని చేత్తో మూసి మళ్లీ నింపుకోవచ్చు.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. బండిలో టాయిలెట్ మనవాళ్ల అలవాటుకు సరిపడుతుందా?

మొహమాటం అక్కర్లేదు. దీన్ని ముందే ఆలోచించనివాళ్లే దారిలో ఇబ్బంది పడతారు. టాయిలెట్ కింద ఉండే కేసెట్ (బయటికి లాగి ఖాళీ చేసే పెట్టె) పట్టేది దాదాపు 18 లీటర్లు. కాగితం వాడే ఇద్దరికి రెండు మూడు రోజులొస్తుంది. నీళ్లతో కడుక్కునేవాళ్లు నలుగురుంటే, మనిషికి రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి అర లీటరు చొప్పున అదనంగా ఆరు లీటర్లు. కేసెట్ ఒక్క రోజుకే నిండిపోవచ్చు. చెంబు బదులు, నొక్కితే సన్నగా ధార వచ్చే 200 మిల్లీలీటర్ల సీసా మనిషికొకటి ఇవ్వండి. పగలు సైటు టాయిలెట్లు వాడండి.

ఖాళీ చేసేది 'ఎల్సన్ పాయింట్' అనే చోట మాత్రమే. పల్లెల్లోని పబ్లిక్ టాయిలెట్లు చాలావరకు సెప్టిక్ ట్యాంకు మీద నడుస్తాయి. కేసెట్‌లోని నీలం మందు ఆ ట్యాంకులో బ్యాక్టీరియాను చంపేస్తుంది, ఊరి టాయిలెట్ పాడవుతుంది. ఫినాయిల్, బ్లీచ్ కేసెట్‌లో పోయకండి, రబ్బరు సీలు ఎండిపోయి కారుతుంది.

ప్రశ్న: స్కాట్లాండ్‌లో ఎక్కడైనా రాత్రి ఆగొచ్చంటారు, నిజమేనా?

డేరాకు నిజం, బండికి కాదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇచ్చిన హక్కు మోటారు వాహనాలకు వర్తించదు. అటవీ శాఖ కొన్ని కార్ పార్కుల్లో 'స్టే ద నైట్' పేరుతో ఒక రాత్రి అనుమతిస్తుంది. బోర్డు చదివి ఆగండి.

ప్రశ్న: మన ఊళ్ల కైఫీయతులు రాయించిన మెకంజీ పుట్టిన ఊరు చూడాలని ఉంది. మోటార్‌హోమ్‌లో వెళ్లొచ్చా?

తెలుగు పాఠకుడు చేయదగ్గ ప్రయాణం ఇది. కాలిన్ మెకంజీ పుట్టింది స్కాట్లాండ్ పడమటి లూయిస్ దీవిలోని స్టోర్నవేలో. కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుల సాయంతో మన గ్రామాల చరిత్రలు సేకరించి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇన్వర్నెస్ నుంచి ఉల్లాపూల్ 57 మైళ్లు. అక్కడి నుంచి స్టోర్నవేకు ఫెర్రీ రెండున్నర గంటల పైచిలుకు. మోటార్‌హోమ్‌కు వేసవిలో చోటు ముందే నిండిపోతుంది. ముందు ఫెర్రీ టికెట్, తర్వాతే మిగతా ప్రణాళిక. టికెట్‌లో రాసే పొడవులో వెనక సైకిల్ స్టాండు కూడా కలపాలి.

లూయిస్‌లో ఆదివారం చాలా దుకాణాలు తెరవరు, అది వాళ్ల మత నిష్ఠ. పాలు, కూరగాయలు, డీజిల్ శనివారమే తీసుకోండి. డీజిల్ పంపు పిడి నల్లగా, పెట్రోలుది ఆకుపచ్చగా ఉంటుంది. దీవి పడమటి తీరంలో కాలనిష్ రాళ్లు తప్పక చూడండి. అయిదు వేల ఏళ్ల నాటివి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో ఆ రాతి చారలు చెక్క మీది గీతల్లా కనిపిస్తాయి.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం మాది. ముత్తాత తండ్రి ఐరిష్ సిపాయి అని విన్నాం. ఐర్లాండ్ వెళ్లి ఆయన ఊరు వెతకాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బండి అద్దెకు తీసుకునే ముందు, ఇంట్లో బల్ల దగ్గర మొదలుపెట్టండి. కౌంటీ పేరు ఒక్కటే పట్టుకుని వెళ్లినవాళ్లు కొండలు చూసి తిరిగొస్తారు. మీకు కావలసింది పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు, ఆ తర్వాత టౌన్‌ల్యాండ్ (అందులోని అతి చిన్న భూభాగం) పేరు. ఐర్లాండ్‌లో అరవై వేలకు పైగా టౌన్‌ల్యాండ్లున్నాయి, ఒకే పేరు చాలా కౌంటీల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

మొదటి మెట్టు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు 'ఎన్/2' వరుసలో ఉంటాయి. పెళ్లి నమోదులో రెజిమెంట్ పేరు దొరికే అవకాశం ఎక్కువ. రెండో మెట్టు ఆ రెజిమెంట్. రాజు సైన్యంలో పనిచేసి పింఛను మీద వచ్చినవాడైతే, లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 'డబ్ల్యూఓ 97' కాగితాల్లో పుట్టిన పారిష్ రాసి ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యమైతే దారి మళ్లీ బ్రిటిష్ లైబ్రరీకే. మద్రాసు యూరోపియన్ రెజిమెంట్ కాలక్రమంలో 102వ రాయల్ మద్రాస్ ఫ్యుజిలియర్స్ అయి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో కలిసింది. మద్రాసు పేరున్న దళంలో ఐరిష్ పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మూడో మెట్టు ఐర్లాండ్ రికార్డులు. 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయి, పాత జనగణనల్లో చాలావరకు బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 దాకా జరిగినవి ప్రభుత్వమే నాశనం చేసింది. పూర్తిగా మిగిలిన మొదటి జనగణన 1901దే. అందరి జనన మరణాల నమోదు 1864లో గానీ మొదలవలేదు. అంతకు ముందు పుట్టినవాళ్లకు కాథలిక్ పారిష్ రిజిస్టర్లే ఆధారం. ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ వాటి చిత్రాలను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. 1847, 1864 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపులో ఎవరు ఏ టౌన్‌ల్యాండ్‌లో ఎంత భూమి సాగు చేశారో పటంతో సహా ఉంటుంది. పేరులో ముందుండే 'ఓ' తీసేసి కూడా వెతకండి, గుమాస్తాలు దాన్ని తరచూ వదిలేశారు.

టౌన్‌ల్యాండ్ దొరికాక బండి పనికొస్తుంది. దగ్గరి పట్నంలో సైటు తీసుకుని, చివరి రెండు మైళ్లు నడిచో సైకిల్ మీదో వెళ్లండి. ఆ సందుల్లో మోటార్‌హోమ్ తిరగదు. పొలాలు సొంతదారులవి, తలుపు తట్టి అడగండి. సమాధి రాయి మీది నాచును తీగ బ్రష్‌తో రుద్దకండి, అక్షరాలే ఊడిపోతాయి. సాయంత్రం టార్చిలైటు పక్క నుంచి వాలుగా వేసి చూస్తే, ఎదురుగా కనిపించని పేరు నీడతో పైకి తేలుతుంది.

ప్రశ్న: బ్రిటనీలోని కార్నాక్ రాళ్లకూ తెలంగాణ రాకాసి గుళ్లకూ సంబంధం ఉందా?

లేదు. మన రాకాసి గుళ్లు ఇనుపయుగపు రాతి సమాధులు. కార్నాక్ వరుసలు అంతకు వేల ఏళ్ల ముందటి కొత్తరాతియుగానివి, అక్కడికి కెల్టిక్ భాషలు రాకముందే నిలబెట్టినవి. మూడు వేలకు పైగా రాళ్లున్నాయి, 2025లో యునెస్కో జాబితాలో చేరాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా రాళ్ల మధ్య స్వేచ్ఛగా నడవొచ్చు, వేసవిలో గైడుతోనే లోపలికి. బ్రిటనీలో బండి కుడి పక్క నడపాలి. బ్రిటన్‌లో తీసుకున్న మోటార్‌హోమ్‌కు తలుపు ఎడమ పక్కనుంటే అప్పుడు అది రోడ్డు వైపుకే తెరుచుకుంటుంది. పిల్లల్ని, పెద్దవాళ్లని దించే ముందు వెనక అద్దం చూడండి.