వాలు గీత మగ్గం మీద రాదు సార్

గద్వాల నుంచి అడిగిన టీచరు గారికి: సిలబస్‌కే సమయం చాలడం లేదు, లెక్కల తరగతిలో కళలను ఎక్కడ ఇరికించాలి అన్నారు. ఇరికించకండి. పాఠంలో ఉన్నదాన్నే బయటికి తీయండి. నల్లగొండ జిల్లా చేనేత పల్లెల్లో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్న అనుభవంతో అంటున్నాను.

మొదట్లో నేనూ చార్టులు గీయించాను. గోడలు నిండాయి, వాలు అంటే ఏమిటో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు పదో తరగతిలో బోర్డు మీద గళ్లు గీసి, పోచంపల్లి చీరల్లో కనిపించే వజ్రం ఆకారం వేశాను. "వాలు గీత మగ్గం మీద రాదు సార్, మెట్లే వస్తాయి" అంది ఒక అమ్మాయి. వాళ్లింట్లో చిటికి కడతారు, అంటే రంగు వేయకముందు నూలును కట్టలుగా పట్టి అక్కడక్కడా ముడి వేస్తారు. సుద్దముక్క అడిగి తీసుకుని, రెండు గళ్లు పక్కకు, ఒక గడి పైకి, మళ్లీ రెండు పక్కకు, ఒకటి పైకి గీసింది. ఒక్కో గడి కొన్ని పోగుల కట్ట. సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ బిగించి చుట్టిన చోటికి రంగు ఎక్కదు. నేయకముందే నూలు మీద బొమ్మ సిద్ధంగా ఉంటుంది.

"గీత నున్నగా రావాలంటే?" అన్నాను.

"కట్టకు పోగులు తగ్గించాలి సార్. అప్పుడు ముడులు పెరుగుతాయి, అమ్మకు వేళ్లు నొప్పి."

మర్నాడు అదే వజ్రాన్ని పెద్ద గళ్లలో, చిన్న గళ్లలో అందరిచేతా గీయించాను. వాలు 1/2 అని నేను రాయకముందే నలుగురు చెప్పారు. నిరూపకాలు, సౌష్ఠవం కూడా ఆ వజ్రంతోనే చెప్పాను. పట్టింది రెండు పీరియడ్లు, అవీ ఆ పాఠానికి ఎలాగూ ఇవ్వాల్సినవే.

ఒక్క జాగ్రత్త. పిల్లల ఇంటి పనిని అందరి ముందు ప్రదర్శనగా పెట్టకండి, అది వాళ్లకు కూడు పెట్టే పని. ఆ పిల్ల తనంతట తాను లేచింది. ఆ తర్వాత ఎవరినైనా పిలవాలంటే ముందు రోజే విడిగా అడుగుతున్నాను.

మీ సంప్రదాయ గద్వాల చీర నూలుది, అంచు పట్టుది, ఆ అంచు మీద కోటకొమ్మలు త్రిభుజాల్లా వరుసగా నిలబడి ఉంటాయి. సరూప త్రిభుజాల పాఠం వచ్చినప్పుడు పెద్ద అంచు చీర ఒకటి, చిన్న అంచు చీర ఒకటి తెప్పించండి. భూమి, ఎత్తు స్కేలుతో కొలిపించి, నిష్పత్తులు సమానమో కాదో పిల్లలనే తేల్చమనండి. అంతకంటే ముందు మీరొక్కరే ఒక నేత ఇంటికి వెళ్లి మగ్గం పక్కన గంటసేపు కూర్చోండి. వాళ్లు దేన్ని ఏమంటారో రాసుకోండి, తరగతిలో ఆ మాటలే వాడండి.