అంకె మార్చిన అల్లుడికి

చి. అల్లుడికి, పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ వెబ్‌సైట్లో ఫీజు రసీదు పేజీ అడ్రసులో చివరి అంకె మారిస్తే వేరే కుర్రాడి రసీదు ఫోన్ నంబరుతో సహా వచ్చిందని రాశావు. పాస్‌వర్డ్ ఏదీ బద్దలు కొట్టలేదు కదా, ఇందులో నేరమేముందని అడిగావు.

తాళం వెయ్యని ఇంట్లో దూరడం లాంటిదే ఇదని చాలామంది చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చదు. ఇల్లు జవాబివ్వదు, వెబ్‌సైట్‌ని నడిపే కంప్యూటర్, అంటే సర్వర్, ఇస్తుంది. నువ్వడిగావు, అది ఇచ్చింది. కానీ యంత్రం ఇచ్చినంత మాత్రాన యజమాని ఒప్పుకున్నట్టు కాదు. 2000 నాటి మన ఐటీ చట్టంలో 43వ సెక్షన్ యజమాని అనుమతి ఉందా లేదా అనే చూస్తుంది. లోపలికి వెళ్లడానికైనా, డేటా దించుకోవడానికైనా అదే కొలత. దురుద్దేశం లేకపోయినా నష్టపరిహారం అడగొచ్చు. అదే పని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ పడుతుంది: మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

అనుమతి అంచు ఎక్కడన్నదే అసలు చిక్కు. 1958లో హార్ట్, ఫుల్లర్ అనే న్యాయతత్త్వవేత్తలు దీని మీదే తలపడ్డారు. పార్కులోకి వాహనాలు రాకూడదని నిబంధన ఉంటే కారు కుదరదు, అది తేలికే. మరి బొమ్మ కారు? అన్నాడు హార్ట్, మాట వర్తిస్తుందో లేదో తేలని సందేహపు అంచు అదని. యుద్ధంలో వాడిన లారీని స్మారకంగా దిమ్మె మీద నిలబెడితే? అన్నాడు ఫుల్లర్, నిబంధన ఎందుకు పెట్టారో చూడకుండా మాట ఒక్కటే పట్టుకుంటే తెగదని అతని వాదన. నేను ఫుల్లర్ పక్షమే. కానీ కోర్టులో నిలబడాల్సింది నువ్వు కనక, హార్ట్ చెప్పిన సందేహపు అంచుకి దూరంగా ఉండమంటాను.

నీ మనసులో ఏముందో జడ్జిగారికి కనబడదు, సర్వర్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో అది రాసుకునే చిట్టా, కనబడుతుంది. ఒక రసీదు చూసి ఆగిపోయినవాడి లాగ్ ఒక రకంగా ఉంటుంది. దానంతటదే పనిచేసే చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) రాసి క్లాసు మొత్తం రసీదులు లాగినవాడిది ఇంకో రకంగా ఉంటుంది. లోపం ఎంత పెద్దదో నిరూపించాలన్న ఆశతో రెండో రకానికి పోకు. మరీ అవసరమైతే స్నేహితుడి రసీదు మీద, అతను రాసిచ్చిన ఒప్పుకోలుతో, ఒక్కసారి చూడు. అదీ కాలేజీ ఒప్పుకున్నాకే. నీ దగ్గరున్న స్క్రీన్‌షాట్‌లో ఆ కుర్రాడి నంబరు కప్పెయ్యి. వాట్సాప్ గ్రూపులో పెట్టకు.

తేదీ, సమయం, ఏం చేశావో, ఎక్కడ ఆగావో రాసి ప్రిన్సిపాల్ గారికి ఈమెయిల్ పంపు. డబ్బు మాట ఎత్తకు. ఎత్తావంటే అది బెదిరింపులా కనబడుతుంది. జవాబు రాకపోతే కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజెయ్యి, ఇలాంటి లోపాల సమాచారం వాళ్లు తీసుకుంటారు. 2022లో అమెరికా న్యాయశాఖ సదుద్దేశంతో చేసే పరిశోధన మీద కేసు పెట్టొద్దని తమ ప్రాసిక్యూటర్లకు చెప్పింది. మన చట్టంలో అలాంటి రక్షణ రాసి లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, కానీ కోరికని వకాల్తాగా దాఖలు చెయ్యలేం కదా.

ఇక్కడ ఒడిశాలో పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఒడియాలో రాస్తారు. హ్యాకింగ్ అని ఒక్క ముక్క పడితే నువ్వు చెప్పే తేడాలన్నీ అందులో కొట్టుకుపోతాయి. అందుకే నీ కాగితం ముందు ఉండాలి. ఆదివారం గుణుపురం నుంచి రైలెక్కి వచ్చెయ్యి, ఈమెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం. ఒడియా ప్రతి నేను రాస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మావయ్య